తోమేసిన కుండ

అనగనగా ఒక అడవిలో, ఘాట్ రోడ్డుకు కాస్త దిగువన, ఎర్రమట్టి గట్టులో ఒక బొరియ ఉండేది. అందులో ఒక ముళ్ళపంది ముసలమ్మ, ఆమె మనవరాలు కాపురం ఉండేవారు. ముసలమ్మ పేరు పైడమ్మ. మనవరాలి పేరు ముత్యాలు. ముత్యాలు ఒంటి మీద ముళ్ళు నలుపూ తెలుపూ కలిసి నిగనిగలాడేవి. ఆ నిగనిగలు ఊరికే వచ్చాయనుకుంటున్నారా? అబ్బే! వాటి వెనకాల ఒక కుండ ఉంది. ఈ కథంతా ఆ కుండ గురించే.

ఆ కుండ వంటింటి మూల, గడ్డితో చుట్టిన కుదురు మీద కూర్చుని ఉండేది. దాన్ని తరవాణి కుండ అనేవారు. పైడమ్మ రోజూ చామలు కడిగిన నీళ్ళూ, వార్చిన గంజీ అందులో పోసేది. రెండు దబ్బాకులు, చిటికెడు వాము, కాస్త ఉప్పు వేసి మూకుడు మూసేది. లోపల అది మెల్లగా పులిసేది. పొద్దున్నే పైకి తేరిన తేటను వంచుకుని, దాంతో ముక్కల పులుసు కాచేది. ఆనపకాయ, గుమ్మడికాయ, ములక్కాడ, చేమదుంప, తోటకూర, ఆ రోజు ఏది దొరికితే అది అందులో పడేది. కుండ అడుగున మిగిలినదాన్ని మాత్రం ఎవరినీ కదపనిచ్చేది కాదు. అదే మర్నాటికి తోడు.

ఆ తోడు పైడమ్మకు వాళ్ళ అమ్మ ఇచ్చింది. వాళ్ళ అమ్మకు అత్తగారు ఇచ్చింది. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు. కుండ పగిలితే కొత్త కుండ వచ్చేది గాని, లోపలి తోడు మాత్రం పాతదే. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. తరవాణి కుండను పైపైన తడిగుడ్డతో తుడవచ్చు. లోపల మాత్రం తోమకూడదు.

వానలు మొదలయ్యాయంటే అడవిలో సగంమంది ముక్కులు చీదుకుంటూ మూలిగేవారు. జ్వరంతో నోరు చేదుగా ఉన్నప్పుడు ఏ తిండీ సహించదు కదా! అలాంటప్పుడు పైడమ్మ పులుసు మాత్రం గొంతు దిగేది. రెండు గుక్కలు దిగితే ఆకలి పుట్టేది. ఆకలి పుడితే ముక్కలూ తినేవారు. తింటే లేచి తిరిగేవారు. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. కూరలూ, పులుపూ, వేడీ, పెట్టే చేతిలో ఓపికా ఉన్నాయి.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తిన్నాక గిన్నె అడుగు మామ్మకు చూపించాలి.

ముత్యాలు ఏనాడూ చూపించలేదు.

ఆమెకు కూర ముక్కలంటే పడదు మరి! ఆనపకాయ జారిపోతుంది అనేది. చేమదుంప జిగురు అనేది. తోటకూర పళ్ళలో ఇరుక్కుంటుంది అనేది. వంకలకేం కొదవ! పైడమ్మ బతిమాలి, బుజ్జగించి, ఎలాగో సగం తినిపించేది. మిగతా సగం గిన్నెలోనే చల్లారిపోయేది.

"ఏదీ తల్లీ, గిన్నె అడుగు ఒక్కసారి చూపించవే. చూసి సంతోషిస్తాను" అనేది పైడమ్మ.

"రేపు చూపిస్తాలే మామ్మా" అనేది ముత్యాలు.

ముత్యాలుకు ఒక స్నేహితురాలు ఉంది. పేరు సంపెంగ. ఘాట్ రోడ్డు మలుపులో ఉండే కోతిపిల్ల. కార్లలో వచ్చేవాళ్ళు ఆ మలుపులో ఆగి, ఫొటోలు తీసుకుని, కోతులకు చిప్సూ బిస్కెట్లూ విసిరి పోయేవారు. సంపెంగ ఆ పొట్లాలు పోగుచేసి స్నేహితులకు పంచేది. చెడ్డపిల్ల కాదు. తనకు దొరికింది పదిమందికీ పెట్టే పిల్లే. నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

ఒకరోజు సంపెంగ మొదటిసారి ముత్యాలు వాళ్ళింటికి వచ్చింది. లోపల అడుగు పెట్టగానే ముక్కు మూసుకుంది.

"ఒసేయ్ ముత్యాలూ, ఏమిటే ఈ పుల్లటి కంపు? మీ ఇంట్లో ఏదో పాచిపోయిందే!" అంది.

ముత్యాలు ముఖం మాడిపోయింది. "అది... మా మామ్మ కుండ" అని గొణిగింది.

"అందులోవి తాగుతారా మీరు? అయ్యో పాపం!" అని జాలిపడి, సంపెంగ ఒక ఎర్ర పొట్లం చించి ముత్యాలు చేతిలో పెట్టింది.

ముత్యాలు కరకర నమిలింది. ఉప్పగా, కారంగా, నాలుక మీద చురుక్కుమంటూ భలేగా ఉంది. ఒకటి తింటే ఇంకొకటి తినాలనిపించింది. ఆ పూట మామ్మ పోసిన పులుసు గిన్నెను ఆమె ముట్టుకోనైనా లేదు.

కుండ వాసన అంతకు ముందూ ఉంది. పుట్టినప్పటినుంచీ ముత్యాలు ఆ వాసనలోనే పెరిగింది. అది ఇంటి వాసన అనుకునేది. సంపెంగ వచ్చి వెళ్ళాక అదే కంపు అయి కూర్చుంది. కుండ పక్కనుంచి నడవాలన్నా ముత్యాలుకు చిరాకు వేసేది.

వేసవి మొదట్లో వాగు అవతలనుంచి కబురొచ్చింది. పైడమ్మ చెల్లెలికి కాలు బెణికిందట. పైడమ్మ గబగబా మూట సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ముత్యాలూ, రోజూ కాసిన్ని కడుగు నీళ్ళూ, కాస్త గంజీ కుండలో పొయ్యి. మరిచిపోకు. కొండమ్మా వాళ్ళూ ఈసారి తోడు కావాలంటున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఒక కుండ ఉంటే వానాకాలం అందరికీ ధైర్యం. ఎవరొచ్చి అడిగినా ఒట్టి చేతులతో పంపకు. తోడు ఇస్తే తరిగిపోయేది కాదు తల్లీ" అంది.

"సరే మామ్మా, నువ్వు వెళ్ళు" అంది ముత్యాలు.

ముసలమ్మ వాగు దాటిందో లేదో, సంపెంగ వచ్చి వాలింది. "మీ మామ్మ లేదుగా! మా వాళ్ళందరినీ తీసుకొస్తాను. మీ ఇంట్లో విందు చేసుకుందామే" అంది. ముత్యాలు సంబరపడిపోయింది.

వాళ్ళిద్దరూ ఆ కబుర్లలో ఉండగానే గుమ్మం దగ్గర అలికిడి అయింది. కుందేలు కొండమ్మ వచ్చింది. చూలాలు. చేతిలో చిన్న ముంత ఉంది.

"అమ్మడూ, పైడమ్మత్త తోడు ఇస్తానంది. కాస్త పోస్తావా? వానల్లో పిల్లలు పుడతారు. ఇంట్లో ఆ కుండ ఉంటే నాకు బెంగ ఉండదు" అంది.

మూకుడు తీస్తే వాసన వస్తుంది. వాసన వస్తే సంపెంగ మళ్ళీ ముక్కు మూసుకుంటుంది. ముత్యాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కుండ అడుగంటిపోయింది పిన్నీ. మామ్మ వచ్చాక రా" అంది.

"అలాగేనమ్మా" అని, కొండమ్మ ఆయాసపడుతూ గట్టు దిగిపోయింది.

మర్నాడు తాబేలు కూర్మయ్య తాత వచ్చాడు. మడుగు దగ్గరనుంచి తెల్లవారకముందే బయలుదేరాడట. వచ్చేసరికి ఎండెక్కింది. ముత్యాలు అప్పుడే రోడ్డు మలుపుకు బయలుదేరుతోంది.

"మనవరాలా, మీ మామ్మ తోడు ఇస్తానంది" అన్నాడు తాత.

"ఇప్పుడు నాకు తీరిక లేదు తాతా. రేపు రా" అంది ముత్యాలు.

"రేపా? నా నడకకు రేపంటే ఎల్లుండి అవుతుందమ్మా" అని తాత నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తిరిగాడు.

విందు రోజు రానే వచ్చింది. ముత్యాలు ఇల్లు ఊడుస్తుండగా ఉడుత వీరన్న వచ్చాడు. చేతిలో ఆకు దొన్నె పట్టుకుని ఉన్నాడు.

"చెల్లెమ్మా, మా ఆవిడకు నోరు అరుచిగా ఉంది. ఏం పెట్టినా వద్దంటోంది. ఇంత తోడు ఇస్తే..."

ముత్యాలుకు విసుగొచ్చేసింది. "ఆ కుళ్ళు నీళ్ళు ఈ రోజుల్లో ఎవరు తాగుతారన్నా!" అంది.

వీరన్న ఆమె వంక చూశాడు. కుండ వంక చూశాడు. దొన్నెను మడిచి జాగ్రత్తగా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

'ఈ కుండ ఇక్కడ ఉన్నంత కాలం వీళ్ళు ఇలా వస్తూనే ఉంటారు' అనుకుంది ముత్యాలు. ఇంకో గడియలో సంపెంగ తన బలగంతో దిగుతుంది. ముత్యాలు కుండను రెండు చేతులతో పట్టి వాగు దాకా ఈడ్చుకుపోయింది. బోర్లించింది. అడుగునున్న తెల్లటి తోడు జారి రాళ్ళ మీద పరుచుకుంది. కాసేపు అక్కడే ఆగి, తర్వాత చాలామటుకు నీళ్ళలో కలిసిపోయింది. కొంత రాళ్ళకే అంటుకుని ఉండిపోయింది. ముత్యాలు బూడిదా, బీరపీచూ పట్టుకుని కుండను లోపలా బయటా బరబరా తోమింది. ఎండలో ఆరబెట్టింది. ముక్కు పెట్టి చూసింది. ఏ వాసనా లేదు.

'గంజే కదా! మామ్మ వచ్చాక మళ్ళీ పోసుకుంటుందిలే' అనుకుంది.

ఆ కుండ నిండా చిప్స్ పొట్లాలు పోసి విందు చేశారు. గెంతారు, పాడారు, ఇల్లంతా కరకరలతో మోగిపోయింది. "ఇప్పుడు మీ ఇల్లు ఇల్లులా ఉందే!" అని సంపెంగ మెచ్చుకుంది. ముత్యాలు గర్వంతో పొంగిపోయింది.

కొన్నాళ్ళకు పైడమ్మ తిరిగొచ్చింది. గుమ్మంలో కాలు పెడుతూనే ఆగిపోయింది.

"ఇల్లేమిటే ఇలా బోసిగా ఉంది?" అంది.

ఆమె ఇంకా కుండను చూడలేదు. ముక్కుకు తెలిసిపోయింది. నెమ్మదిగా మూలకు వెళ్ళి కుండలో చేయి పెట్టింది. ఖాళీ పొట్లం ఒకటి చేతికి తగిలి గలగలమంది.

"తోమావా?"

"మురికిగా ఉంటే శుభ్రం చేశాను మామ్మా."

పైడమ్మ అక్కడే కింద కూలబడింది. "మా అమ్మ ఇచ్చిందే అది" అంది. కాసేపయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "తోడు కోసం ఎవరైనా వచ్చారా?"

పిల్లలూ, నిజం అప్పుడు ముత్యాలు నాలుక చివరే ఉంది. చెప్పేయాలనే నోరు తెరిచింది. కానీ మామ్మ ముఖం చూస్తే భయం వేసింది. "వచ్చారు మామ్మా. కొండమ్మ పిన్ని, కూర్మయ్య తాత, వీరన్న. ముగ్గురికీ ఇచ్చాను" అంది.

పైడమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది. "నా తల్లే! నా బంగారమే! అయితే పోలేదన్నమాట. మూడిళ్ళలో ఉంది" అంటూ ముత్యాలు తల నిమిరింది. చెంప మీద కొట్టినా ముత్యాలుకు అంత నొప్పి కలిగేది కాదు.

"ఎండలు మండుతున్నాయి. కొత్తగా కుండ మొదలుపెట్టాలన్నా ఇదే అదను. ఎండ తగిలితేనే అది పులుస్తుంది" అంది పైడమ్మ. "కానీ ఎందుకులే, పాత తోడు ఉండగా! వాళ్ళ కుండలు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటూ ఉంటాయి. ఇప్పుడే కదిపితే చెడిపోతాయి. వానలు పడేలోగా వెళ్ళి తెచ్చుకుందాం."

అక్కడైనా చెప్పేయాల్సింది. ఎంత మంచి అవకాశం! ముత్యాలు తల వంచుకుని నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది. 'రేపు చెబుతాలే' అనుకుంది.

ఆ రేపు రాలేదు. రోజూ చెబుదామనుకునేది. కానీ మామ్మ ముఖం చూడలేక పొద్దున్నే లేచి రోడ్డు మలుపుకు పోయేది. సంపెంగతో కలిసి పొట్లాలు ఖాళీ చేసేది. పైడమ్మకు ప్రయాణపు బడలికతో మోకాళ్ళు పట్టేశాయి. ఇల్లు కదలలేకపోయింది. అంతకు ముందు రోజూ పలకరించే కొండమ్మ కూడా ఆ గట్టు ఎక్కడం మానేసింది. ఎందుకు మానేసిందో పైడమ్మకు తెలియదు. ముత్యాలుకు తెలుసు.

ఎండలు అలా అలా గడిచిపోయాయి. ముత్యాలు ముళ్ళు నిగారింపు పోయి పాలిపోయాయి. పడుకుని లేస్తే చాప మీద రెండు మూడు ముళ్ళు రాలి ఉండేవి. కడుపు బిగదీసుకుపోయేది. గట్టు ఎక్కితే రొప్పు వచ్చేది.

"ఏమే, ముళ్ళు రాలుతున్నాయే! కాస్త కూర ముక్కలు తినవే తల్లీ" అనేది పైడమ్మ.

"తింటాలే మామ్మా" అనేది ముత్యాలు.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. వాన మొదలైంది. ఆ వాన తెరిపి లేకుండా కురిసింది. ఆ తడిలో పైడమ్మకు జ్వరం తగిలింది. మొదట వణికింది. తర్వాత తిండి మానేసింది. ఉడకబెట్టిన దుంప పెడితే వద్దంది. జావ పోస్తే వద్దంది. ముత్యాలు దాచుకున్న బిస్కెట్ పొట్లం తెచ్చి నోటి దగ్గర పెడితే ముఖం తిప్పుకుంది.

"నాకు మన పులుసు కావాలే. రెండు గుక్కలు తాగితే చాలు, నోరు బాగుపడుతుంది. కొండమ్మ ఇంటికి వెళ్ళి ముంతెడు తోడు పట్రా తల్లీ" అంది.

ముత్యాలు ముంత పట్టుకుని వానలోకి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసీ వెళ్ళింది. ఎవరి దగ్గరైనా, ఎలాగైనా, ఇంత దొరకకపోతుందా అని పిచ్చి ఆశ.

కొండమ్మ ఇంట్లో చిన్న చిన్న కుందేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ముంతను చూడగానే కొండమ్మకు అర్థమైంది.

"మా దగ్గర ఎక్కడిదమ్మడూ? మళ్ళీ అడిగితే విసుక్కుంటావేమోనని నేను రాలేదు" అంది. కొండమ్మ లోపలికి వెళ్ళి చేమదుంపలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇవి ఉడకేసి పెట్టు. అత్తను అడిగానని చెప్పు" అంది.

మడుగు దగ్గర కూర్మయ్య తాత చిప్పలోంచి తల బయటపెట్టాడు.

"నువ్వు రమ్మన్నట్టే మళ్ళీ బయలుదేరానమ్మా. వాగు దగ్గరికి వచ్చేసరికి రాళ్ళ మీద తెల్లగా కనబడింది. చీమలు పట్టి ఉన్నాయి. ఇంక గట్టు ఎక్కలేదు" అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. బాధ మాత్రం ఉంది. ఒడ్డున పాకిన తీగనుంచి లేత ఆనపకాయ కోసుకొమ్మన్నాడు.

చివరికి వీరన్న దగ్గరికి వెళ్ళడానికి ముత్యాలుకు కాళ్ళు రాలేదు. అయినా వెళ్ళింది. వీరన్న చెట్టు దిగి వచ్చి, లోపలున్న భార్యకు వినబడకుండా మెల్లగా అన్నాడు.

"చెల్లెమ్మా, నువ్వన్న మాట మా ఆవిడకు చెప్పలేదు. కుండ పగిలిపోయిందని చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు." అని, ఒక తోటకూర కట్ట తెచ్చి ముంత మీద పెట్టాడు.

ముగ్గురిలో ఒక్కరూ తిట్టలేదు. ఆమె ఒట్టి చేతులతో పంపినవాళ్ళు, ఆమె చేతులు నింపి పంపారు. ముత్యాలు దారంతా ఏడుస్తూనే వచ్చింది.

ఇంటికి వచ్చి పొయ్యి రాజేసింది. దుంపలు చెక్కు తీసింది. ఆనపకాయ తరిగింది. తోటకూర కడిగింది. తేట లేదు కాబట్టి చింతపండు పిసికి పోసింది. మామ్మ ఎలా కాచేదో గుర్తు తెచ్చుకుంటూ, జీలకర్ర, మిరియాలు నూరి వేసింది. గిన్నెలో పోసి, ఊది చల్లార్చి, మామ్మ నోటికి అందించింది.

పైడమ్మ ఒక గుక్క తాగింది. ఇంకొక గుక్క తాగింది. గిన్నె పక్కన పెట్టింది.

"చింతపండు పులుసు. మొదటిసారి కాచినా బాగానే కాచావే" అంది. ముంత వైపు చూసి అడిగింది. "కొండమ్మ తోడు ఇవ్వలేదా?"

"వాళ్ళ దగ్గర లేదు మామ్మా. ఎవరి దగ్గరా లేదు. నేను ఎవరికీ ఇవ్వలేదు. నీకు అబద్ధం చెప్పాను" అని ముత్యాలు మామ్మ కాళ్ళ దగ్గర పడి బావురుమంది.

పైడమ్మ గుమ్మం వైపు చూసింది. బయట వాన కురుస్తూనే ఉంది.

"ఆ రోజే చెప్పి ఉంటే ఎండలు ఉండేవి కదే" అంది.

అంతే. తిట్టలేదు, అరవలేదు. తిట్టినా బాగుండునే అనిపించింది ముత్యాలుకు.

కాసేపటికి పైడమ్మే మళ్ళీ మాట్లాడింది. "ఏడ్చింది చాల్లే, లే. ఆ కుండ ఇలా తీసుకురా. చామలు కడుగు. ఆ నీళ్ళు పారబోయకు" అంటూ, పడుకున్న చోటనుంచే ఒక్కొక్కటీ చెప్పింది. ముత్యాలు చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎండ లేదు కాబట్టి కుండను పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. దబ్బాకులు వేసింది. మూకుడు మూసింది.

ఆ తర్వాత రోజూ పైడమ్మ కళ్ళు తెరవగానే అడిగేది. "పులిసిందా?"

ముత్యాలు మూకుడు తెచ్చి మామ్మ ముక్కు దగ్గర పెట్టేది. పైడమ్మ వాసన చూసేది. "ఇంకా లేదు. పచ్చివాసనే" అనేది. వాన చల్లదనానికి కుండ ఎదగనంటోంది. ముత్యాలు కూరలు వెతికి తెచ్చి, పల్చటి పులుసు కాచి, మామ్మకు గరిటెడు గరిటెడు పోసేది. "నువ్వు తిన్నావా?" అని మామ్మ అడిగితే, "తర్వాత తింటాలే" అనేది. నిజానికి ఆమెకు ముద్ద దిగేది కాదు.

చివరికి ఒక పొద్దున వాన వెలిసింది. మబ్బులు విడిపోయి, గుమ్మంలోంచి పచ్చటి ఎండ లోపలికి వచ్చింది. ముత్యాలు కుండను ఎత్తుకుని పరుగున ఎండలో పెట్టింది. "మామ్మా, ఎండొచ్చింది!" అంటూ లోపలికి వచ్చింది.

పైడమ్మ పలకలేదు. ఇంకెప్పుడూ పలకలేదు.

ఆ పులుసు ఉంటే మామ్మ బతికేదా? ఏమో, ఎవరు చెప్పగలరు! వయసు మీద పడింది, జ్వరమూ గట్టిదే. కానీ కావాలని అడిగిన రెండు గుక్కలు ఆమెకు దక్కేవి. ఆ పాటి కూడా దక్కకుండా చేసింది తానేనని ముత్యాలుకు తెలుసు. ఆ తెలివిడి ఆమెను ఎప్పటికీ వదల్లేదు.

మంచి ఎండలు కాశాక ఒకరోజు ముత్యాలు మూకుడు తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది. ఆమె అక్కడే కూర్చుని ఆ వాసన పీల్చుకుంది. కొంచెం మామ్మ కుండలాగే ఉంది. పూర్తిగా కాదు. వాళ్ళ అమ్మలూ అత్తలూ ఇస్తూ వచ్చిన ఆ పాత పులుపు రాళ్ళ మీదనుంచి వాగులో కలిసిపోయింది. ఇక అడవి మొత్తం వెతికినా దొరకదు.

ముత్యాలు ముందుగా తోడు తీసి కొండమ్మ ముంతలో పోసింది. మడుగు దాకా తానే నడిచి వెళ్ళి కూర్మయ్య తాతకు ఇచ్చింది. వీరన్న భార్యకు ఇచ్చి, కుండ పగల్లేదనీ, తానే తోమేశాననీ, తానన్న మాటేమిటో కూడా చెప్పి చేతులు జోడించింది.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో సంపెంగ కూర్చుని ఉంది. కడుపు పట్టుకుని ఉంది. ముఖం వాడిపోయింది.

"ఎన్నాళ్ళనుంచో కడుపులో మంటే. ఏం తిన్నా పడటం లేదు" అంది. ముత్యాలు పల్చటి పులుసు కాచి గిన్నెలో పోసి ఇచ్చింది. సంపెంగ వాసన చూసింది. "ఆ రోజు నేను కంపు అన్నది దీన్నేనా?" అని అడిగింది.

"దీన్ని కాదు. అది ఇంకా బాగుండేది" అంది ముత్యాలు.

సంపెంగ తాగింది. వెళ్తూ వెళ్తూ మొహమాటపడుతూ ఇంత తోడు అడిగింది. ముత్యాలు ఆమె చేతిలోనూ ఒక ముంత పెట్టి పంపింది.

అందరూ వెళ్ళాక, ముత్యాలు తనకు ఒక గిన్నె పోసుకుంది. ఆనపకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే వెన్నలా కరిగింది. చేమదుంప కమ్మగా ఉంది. తోటకూరకు పులుపు పట్టి ఎంతో రుచిగా ఉంది. ఇన్నాళ్ళూ రోజూ ఇదే కదా మామ్మ ముందు పెట్టి బతిమాలింది! చల్లార్చి వదిలేసిన గిన్నెలన్నీ ముత్యాలుకు గుర్తొచ్చాయి. ఒక్క ముక్క మిగల్చకుండా తింది. చివరి చుక్క కూడా నాకేసింది.

అప్పుడు గిన్నెను మామ్మ కూర్చునే మూలవైపు తిప్పి, అడుగు చూపించింది.

"చూడు మామ్మా" అంది.

ఆ మూల చుట్టిపెట్టిన చాప ఒక్కటే ఉంది.

నీతి: కూరలతో కాచిన ఇంటి పులుసును, కాచిపెట్టే చేయి ఉండగానే ఇష్టంగా తినాలి; తప్పు జరిగితే, దిద్దుకునే ఎండ ఉండగానే ఒప్పుకోవాలి.